భర్త పేర బాకీ ఉంటే భార్యకు తనఖా అప్పు పుట్టదా?

"మీ ఆయన బాకీ ఇంకా తీరనే లేదు కదమ్మా, మళ్లీ మీ పేర అప్పు ఎట్లా ఇస్తాం?" బ్యాంకు గడప తొక్కిన మహిళా రైతులకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఇది. పుట్టింటివారు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన రెండెకరాలు ఆమె పేరనే ఉంటాయి. పాస్ పుస్తకమూ ఆమె పేరనే ఉంటుంది. ఆ చెలకలో బోరు వేసుకుందామనో, రెండు మూడు గేదెలు కట్టుకుందామనో అప్పుకు వెళితే, భర్త పేర ఉన్న పాత బాకీ అడ్డం వస్తుంది. ఆ ఒక్క మాటతో వెనుదిరిగి, ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకునేవారు ఎందరో ఉన్నారు. నెలకు నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. లక్షకు 36 వేలు వడ్డీకే పోతుంది.

మరి భర్త పేర బాకీ ఉన్నంత మాత్రాన భార్యకు నిజంగానే అప్పు పుట్టదా? కొన్ని సందర్భాల్లో పుడుతుంది. కొన్నింటిలో పుట్టదు. ఇంకొన్నింటిలో పుట్టినా తీసుకోకపోవడమే మేలు. మీరు ఏ సందర్భంలో ఉన్నారో ముందుగా తెలుసుకుని బ్యాంకుకు వెళితే మాట సాగుతుంది. భార్య పేర బాకీ ఉండి భర్త కొత్త అప్పుకు వెళ్లినా ఈ వివరాలే వర్తిస్తాయి.

ఇద్దరి ఖాతాలూ వేరు వేరు

మొదట చట్టం సంగతి చూద్దాం. భార్యాభర్తలు ఒకే కుండలో వండుకు తిన్నా అప్పు విషయంలో ఇద్దరూ వేరు వేరు మనుషులే. భర్త చేసిన అప్పు కాగితాల మీద భార్య సంతకం లేకుంటే ఆ అప్పు ఆమెది కాదు. ఆమె భూమిని ఆ బాకీకి జమ కట్టుకునే హక్కు బ్యాంకుకు లేదు. భర్త చనిపోతే మాత్రం, ఆయన ఆస్తిలో వారసురాలిగా ఆమెకు వచ్చిన దాని మేరకు బాకీ చెల్లించవలసి వస్తుంది. అంతకుమించి ఆమె సొంత ఆస్తి జోలికి రావడానికి వీల్లేదు.

1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం స్త్రీకి దానంగా గాని, వారసత్వంగా గాని, కొనుగోలుగా గాని వచ్చిన ఆస్తికి ఆమే పూర్తి హక్కుదారు. తనఖా పెట్టాలన్నా, అమ్మాలన్నా ఆమె ఇష్టం. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. పసుపు కుంకుమల కింద భూమిని నోటిమాటగా ఇచ్చి, కాగితాలు అన్నదమ్ముల పేరనే ఉంచిన ఇళ్లు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. పాతికేళ్లుగా దున్నుకుంటున్నా సరే, రిజిస్టరైన దస్తావేజు, పాస్ పుస్తకం ఆమె పేర లేకుంటే ఆ భూమి మీద తనఖా అప్పు రాదు. అప్పు సంగతి తర్వాత, ముందు పుట్టింటివారితో మాట్లాడి దాన విక్రయ దస్తావేజుల పని పూర్తి చేసుకోవాలి. అన్నదమ్ములు బాగున్న రోజుల్లోనే ఈ పని చేసుకోవడం మంచిది.

మీరు ఏ సందర్భంలో ఉన్నారు?

భర్త పేర బాకీ ఉందన్న మాట ఒక్కటే గాని, దాని వెనుక అయిదు రకాల పరిస్థితులు ఉండవచ్చు.

మొదటిది: భర్త అప్పు ఆయన భూమి మీదే ఉంది. కిస్తీలు సక్రమంగా కడుతున్నారు. భార్యకు వేరే భూమి ఉంది. ఆ అప్పులో ఆమె సంతకం లేదు. ఇది అన్నింటికన్నా తేలిక. ఆమె తన పేర పంట అప్పుకైనా, తనఖా అప్పుకైనా దరఖాస్తు చేసుకోవచ్చు.

రెండోది: భర్త అప్పులో భార్య కూడా సంతకం చేసింది. తోడు రుణగ్రస్తురాలిగా గాని, జామీనుదారుగా గాని చేసి ఉంటుంది. "ఊరికే ఒక సంతకం పెట్టమన్నారు" అని చాలామంది అంటారు. చట్టం ముందు ఊరికే పెట్టిన సంతకం అంటూ లేదు. జామీనుదారు బాధ్యత అసలు రుణగ్రస్తుడి బాధ్యతతో సమానం. ఆ బాకీ మొత్తాన్ని ఆమె బాకీగానే బ్యాంకు లెక్క కడుతుంది. అప్పు రాదని కాదు, వచ్చే మొత్తం తగ్గుతుంది.

మూడోది: భార్య భూమినే భర్త అప్పుకు తనఖా పెట్టారు. అప్పుడు ఆమె భూమి ఖాళీగా లేనట్టే. అయినా భూమి విలువ ఎక్కువ, బాకీ తక్కువ ఉంటే, మిగులు విలువ మీద అదే బ్యాంకు మరో అప్పు ఇవ్వవచ్చు. వేరే బ్యాంకు రెండో తనఖాకు సాధారణంగా ఒప్పుకోదు. భర్త బాకీకి చాలినంత ఆయన భూమి ఉంటే, దాన్ని పెట్టి భార్య భూమిని విడిపించమని మొదటి బ్యాంకును రాతపూర్వకంగా అడగవచ్చు.

నాలుగోది: భూమి ఇద్దరి పేర ఉమ్మడిగా ఉంది. మొత్తం భూమి తనఖాలో ఉంటే భార్య వాటా కూడా అందులోనే ఉన్నట్టు. భర్త వాటా మాత్రమే పెట్టి ఉంటే, ఆమె వాటాను కొలిపించి, సబ్‌డివిజన్ చేయించి, విడిగా పాస్ పుస్తకం తీసుకున్న తర్వాత గాని కొత్త తనఖా కుదరదు.

అయిదోది: భర్త బాకీ గడువు దాటిపోయింది. ఇది అన్నింటికన్నా కష్టం. తక్కువ కాలపు పంటలకు తీసుకున్న అప్పు అసలు గాని వడ్డీ గాని గడువు దాటి రెండు పంట కాలాలు గడిచినా కట్టకుంటే బ్యాంకు దాన్ని మొండి బాకీగా రాసుకుంటుంది. ఎక్కువ కాలపు పంటలకైతే ఒక పంట కాలమే. భర్త మొండి బాకీదారు అయినంత మాత్రాన భార్యకు అప్పు ఇవ్వరాదని చట్టం ఎక్కడా అనలేదు. కానీ ఒకే ఇంటి ఆదాయం మీద రెండు అప్పులు తీరాలి గనుక బ్యాంకు వెనకాడుతుంది. ఆ అనుమానం తీర్చవలసింది మనమే.

ఇంకో విషయం. ఒకే ఎకరం మీద ఒకే పంట కాలంలో ఇద్దరి పేర రెండు పంట అప్పులు తీసుకోవడం కుదరదు. భర్త ఆయన ఎకరాలకు, భార్య తన ఎకరాలకు తీసుకోవాలి. సహకార సంఘంలో ఒకటి, బ్యాంకులో ఒకటి అని ఒకే సర్వే నంబరు మీద తెచ్చుకుంటే నేడో రేపో బయటపడుతుంది.

2 లక్షల దాకా తనఖాయే అక్కర్లేదు

చాలామంది రైతులకు తెలియని సంగతి ఇది. వ్యవసాయానికి, పాడి వంటి అనుబంధ పనులకు ఒక్కొక్కరికి 2 లక్షల రూపాయల దాకా ఇచ్చే అప్పులకు బ్యాంకులు భూమి తనఖా అడగరాదని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2010లో ఈ పరిమితి లక్ష రూపాయలు. 2019లో 1 లక్షా 60 వేలు చేశారు. 2025 జనవరి 1 నుంచి 2 లక్షలు. ఈ లెక్క కుటుంబానికి కాదు, రుణగ్రస్తుడికి. భర్త పేర ఎంత ఉన్నా భార్యకు ఆమె 2 లక్షలు వేరే.

కాబట్టి మీ అవసరం 2 లక్షల లోపే అయితే, భూమిని తనఖా పెడతామని మీరుగా ముందుకు వెళ్లవద్దు. పంట మీద, కొన్న గేదెల మీద, మోటారు మీద హక్కు రాయించుకుంటే బ్యాంకుకు చాలు. భూమి తనఖా లేదంటే అప్పు కట్టనక్కర్లేదని అర్థం కాదు. ఎగ్గొడితే పేరు చెడిపోవడం, కోర్టు దావా మామూలే.

స్వల్పకాలిక పంట అప్పులపై 3 లక్షల వరకు వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టినవారికి మరో 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. ఇది కూడా ఒక్కో రైతుకు లెక్క. బోరు, పాడి, ట్రాక్టరు వంటి దీర్ఘకాలిక అప్పులకు ఈ రాయితీ వర్తించదు. వాటి వడ్డీ బ్యాంకును బట్టి ఉంటుంది. నాలుగు చోట్ల అడిగి చూసుకోవాలి.

"నో డ్యూస్" తెమ్మంటే?

ఒకప్పుడు అప్పు కావాలంటే చుట్టుపక్కల బ్యాంకులన్నీ తిరిగి, బాకీ లేదన్న సర్టిఫికెట్లు తేవలసి వచ్చేది. భార్య అప్పుకు వెళ్లినా భర్త పేర కూడా తెమ్మనేవారు. ఈ తిప్పట 2015 జనవరిలోనే తీసేశారు. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో వ్యక్తులకు, సంఘాలకు ఇచ్చే అప్పులకు, మొత్తం ఎంతైనా సరే, నో డ్యూస్ సర్టిఫికెట్ అడగవద్దని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. ప్రభుత్వ పథకంలోనే ఆ నిబంధన ఉంటే మాత్రం తేవాలి. సర్టిఫికెట్ బదులు, ఎక్కడెక్కడ ఎంత బాకీ ఉందో రైతు స్వయంగా రాసిచ్చే హామీ పత్రం తీసుకోవచ్చు. రుణ చరిత్ర నివేదిక చూసుకోవచ్చు.

ఈ రుణ చరిత్ర నివేదికనే జనం "సిబిల్" అంటున్నారు. మీరు ఎక్కడ అప్పు తెచ్చారు, కిస్తీలు ఎట్లా కట్టారు అన్నది అందులో ఉంటుంది. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఎక్కువ ఉంటే మంచిది. భర్త స్కోరు భర్తది, భార్య స్కోరు భార్యది. రెండింటినీ కలపరు. ఆమె జామీను సంతకం చేసిన అప్పు ఉంటే మాత్రం అది ఆమె నివేదికలోనూ కనపడుతుంది. సిబిల్ వంటి కంపెనీలు దేశంలో 4 ఉన్నాయి. ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి మీ నివేదికను ఉచితంగా ఇవ్వాలి. అప్పుకు వెళ్లే ముందే చదువుకున్న పిల్లల చేత ఇద్దరి నివేదికలూ తీయించి చూసుకోండి. ఎప్పుడో తీరిపోయిన బాకీ ఇంకా ఉన్నట్టు చూపితే, ఆ బ్యాంకుకు రాసి దిద్దించుకోవాలి.

హామీ పత్రంలో భర్త బాకీని దాచవద్దు. బ్యాంకు ఎట్లాగూ తెలుసుకుంటుంది. దాచారని తెలిస్తే వచ్చే అప్పు కూడా రాకుండా పోతుంది.

డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లకు ఒక మాట. సంఘంలో ఒకరిద్దరు సభ్యులు గాని, వారి ఇంట్లోవారు గాని బ్యాంకుకు బాకీ పడి ఉన్నారన్న కారణంతో మొత్తం సంఘానికి అప్పు ఆపరాదని రిజర్వు బ్యాంకు నిబంధన. సంఘం తన కిస్తీలు సరిగా కట్టి ఉండాలి, అంతే. భర్త బాకీ మూలంగా భూమి మీద అప్పు కుదరని చోట ఇది ఒక దారి.

అసలు పరీక్ష తీర్చే శక్తి దగ్గరే

కాగితాలన్నీ బాగున్నా బ్యాంకు చివరకు చూసేది ఒక్కటే. ఈ ఇంటికి వచ్చే రాబడిలో పాత కిస్తీ, కొత్త కిస్తీ రెండూ కట్టగలరా? బ్యాంకు చూసేలోగా మీరే ఒక కాగితం మీద వేసి చూసుకోండి. ఉదాహరణకు ఇట్లా ఒక ఇల్లు ఉందనుకుందాం.

భర్తకు రెండున్నర ఎకరాలు. ఆయన పేర 1 లక్షా 20 వేల పంట అప్పు, పంపుసెట్టు అప్పు ఉన్నాయి. పంపుసెట్టుకు అసలు, వడ్డీ కలిపి ఏడాదికి 36 వేలు కడుతున్నారు. భార్యకు రెండెకరాలు. ఆమె పాడి కోసం 3 లక్షలు అడగాలనుకుంటోంది. 2 లక్షలు దాటింది గనుక తనఖా తప్పదు. వడ్డీ 10 శాతం అనుకుందాం. 5 ఏళ్లలో తీర్చాలి.

రాబడి: సాగు ఖర్చులన్నీ పోను భర్త భూమి మీద 70 వేలు, భార్య భూమి మీద 60 వేలు. ఇద్దరి కూలి 30 వేలు. దాణా, మేత ఖర్చులు పోను పాల మీద వస్తుందనుకుంటున్నది 1 లక్షా 10 వేలు. మొత్తం 2 లక్షల 70 వేలు.

ఖర్చు: తిండి, బట్ట, పిల్లల చదువు, మందులు కలిపి 1 లక్షా 20 వేలు. మిగిలేది 1 లక్షా 50 వేలు. పంట అప్పు అసలు సాగు ఖర్చుల్లోనే పోయింది గనుక వడ్డీ మాత్రం తీసేద్దాం. 7 శాతం చొప్పున 8,400. పంపుసెట్టు కిస్తీ 36 వేలు. ఇక చేతిలో మిగిలేది 1,05,600 రూపాయలు.

కొత్త అప్పు మొదటి ఏటి కిస్తీ: అసలు 60 వేలు, వడ్డీ 30 వేలు, కలిపి 90 వేలు. అది కట్టాక మిగిలేది 15,600 మాత్రమే.

కాగితం మీద లెక్క సరిపోయింది. కానీ ఒక గేదె చూలు నిలవక పాల మీద రాబడి సగానికి పడిపోతే? 55 వేలు తగ్గుతుంది. అప్పుడు 39,400 లోటు. ఆ లోటు పూడ్చడానికి మళ్లీ వడ్డీ వ్యాపారి దగ్గరికే పోవాలి. బ్యాంకులో తనఖా పెట్టింది అతని చేతిలో పడకూడదనే కదా!

ఇదే ఇంటికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, గడువు 6 ఏళ్లు అడగడం. మొదటి ఏటి కిస్తీ 80 వేలకు తగ్గి, 25,600 మిగులుతుంది. కాకపోతే మొత్తం వడ్డీ 90 వేలకు బదులు 1 లక్షా 5 వేలు అవుతుంది. రెండోది, పంపుసెట్టు అప్పు ఒకటి రెండు కిస్తీల్లో తీరిపోయేదైతే, అది తీరేదాకా ఆగడం. అప్పుడు ఆ 36 వేలు మిగిలి, చేతిలో 51,600 ఉంటుంది. పాల రాబడి సగానికి పడినా లోటు 3,400 మించదు. ఇంటి ఖర్చులో సర్దుకోవచ్చు. ఒక్క ఏడాది ఓపిక పట్టడం వల్ల ఎంత తేడా వచ్చిందో చూడండి. చేతిలో ఏ రొక్కమైనా ఉంటే, చివరి కిస్తీలు ముందే కట్టి ఆ అప్పును మూసేసి, ఆ రసీదుతో కొత్త అప్పుకు వెళ్లడం ఇంకా మంచిది.

భర్త బాకీ గడువు దాటి ఉంటే, ముందు దాన్ని దారిలో పెట్టాలి. పాత కిస్తీలు కట్టి ఖాతాను సరిచేసుకోవడం అన్నింటికన్నా మేలు. కరువు, తుఫాను మూలంగా పంట పోయి, మీ మండలాన్ని ప్రభుత్వం ప్రకటించినప్పుడు, వాయిదాలు మార్చమని గడువులోగా అడగండి. ఒకేసారి సెటిల్‌మెంటు కింద తక్కువ కట్టి బాకీ తీర్చుకునే అవకాశం కొన్ని బ్యాంకులు ఇస్తుంటాయి. కానీ అట్లా తీర్చిన బాకీ రుణ చరిత్రలో పూర్తిగా తీరిన బాకీగా కాక, సెటిల్ చేసిన బాకీగా కనపడుతుంది. ముందు ముందు అప్పుకు అది మచ్చే.

పేరు మారిస్తే బాకీ పోదు

కొందరు ఊరి పెద్దలు ఒక సలహా ఇస్తుంటారు. "నీ భూమిని మీ ఆవిడ పేర రాసెయ్. ఆమె మీద కొత్త అప్పు తెచ్చుకోవచ్చు." ఈ మాట వినవద్దు. తనఖాలో ఉన్న భూమి ఎవరి పేరకు మారినా తనఖా దాని వెంటే వెళుతుంది. పైగా బాకీ ఎగ్గొట్టడానికే ఆస్తి రాసిచ్చారని తేలితే, ఆ దస్తావేజు చెల్లదని అప్పు ఇచ్చినవారు కోర్టుకు వెళ్లవచ్చు. 1882 ఆస్తి బదలాయింపు చట్టంలో అందుకు వీలుంది. రిజిస్ట్రేషన్ ఖర్చు దండుగ, బ్యాంకులో పేరు దండుగ.

అసైన్డు పట్టా భూమి భార్య పేర ఉన్నవారు గమనించాలి. ఆ భూమిని బ్యాంకుకు, సహకార సంఘానికి తనఖా పెట్టవచ్చు. ప్రయివేటు వ్యక్తులకు పెట్టడం 1977 చట్టం కింద చెల్లదు.

మాఫీలో మాత్రం ఇద్దరూ ఒకటే

అప్పు ఇచ్చేటప్పుడు భార్యాభర్తలు వేరు. మాఫీ చేసేటప్పుడు మాత్రం ఒకటే. ఇక్కడే చాలామంది దెబ్బ తిన్నారు. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కుటుంబానికి లక్షన్నర దాకా మాఫీ ప్రకటించింది. అదే ఏడాది తెలంగాణలో కుటుంబానికి లక్ష. 2024 జూలై, ఆగస్టు నెలల్లో తెలంగాణలో 2 లక్షల దాకా మాఫీ చేసినప్పుడు కూడా కుటుంబమే లెక్క. కుటుంబాన్ని గుర్తించడానికి రేషన్ కార్డు చూశారు. ఇద్దరి బాకీ కలిపి 2 లక్షలు దాటితే, పై మొత్తాన్ని రైతే ముందుగా కట్టాలన్నారు.

కాబట్టి ఎప్పటికైనా మాఫీ వస్తుందిలే అనుకుని ఇద్దరి పేరా అప్పు తేవడం తెలివైన పని కాదు. వచ్చినా రెండు అప్పులకూ రాదు. రాకుంటే రెండూ మిగులుతాయి.

ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

ఆధార్, ఫోటోలు, బ్యాంకు పాస్‌బుక్కుతో పాటు పట్టాదారు పాస్ పుస్తకం, భూమి వచ్చిన దస్తావేజు, అంతకు ముందటి లింకు దస్తావేజులు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1-బి, అడంగల్ నకళ్లు తీసుకోవాలి. తెలంగాణలో 2020 నుంచి సాగు భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు ఆఫీసులోనే జరుగుతోంది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. మీ వివరాలు అందులో సరిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. పాస్ పుస్తకంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉండటం మహిళలకు తరచు వచ్చే ఇబ్బంది. పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు రెండూ ఒకరివేనని చూపే కాగితం పెట్టుకోవాలి.

ఈసీ తీయించండి. మీ భూమి మీద ఎప్పుడో తీర్చిన తనఖా ఇంకా నమోదై ఉందా అన్నది అందులో తెలుస్తుంది. అప్పు తీరినా తనఖా విడుదల కాగితం రిజిస్టరు చేయించకుంటే అది అట్లాగే కనపడుతుంది. అప్పు మొత్తం తీర్చిన 30 రోజుల్లోగా అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలని, తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఇది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది.

భర్త అప్పు ఖాతా స్టేట్‌మెంటు కూడా వెంట తీసుకెళ్లండి. ఎంత బాకీ ఉంది, కిస్తీ ఎంత, ఎప్పటికి తీరుతుంది, దానికి ఏ సర్వే నంబర్లు తనఖాలో ఉన్నాయి అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. అడగకముందే బల్ల మీద పెడితే సగం అనుమానం అక్కడే తీరుతుంది.

సంతకం పెట్టే ముందు

భార్య అప్పు తెచ్చుకుంటుంటే భర్తను జామీను పెట్టమనవచ్చు. భర్త అప్పు కొత్తగా రాసేటప్పుడు భార్య సంతకం అడగవచ్చు. ఏ కాగితం మీద, ఏ హోదాలో సంతకం పెడుతున్నామో అడిగి తెలుసుకోవాలి. సాక్షి సంతకం వేరు, జామీను సంతకం వేరు, తోడు రుణగ్రస్తురాలి సంతకం వేరు. ఖాళీ కాగితాల మీద, నింపని ఫారాల మీద వేలిముద్ర వేయవద్దు. తనఖా కాగితంలో ఏ సర్వే నంబర్లు, ఎన్ని ఎకరాలు రాశారో చదివించుకోవాలి. ఒక ఎకరం చాలిన చోట రెండెకరాలూ రాస్తే, రేపు మరో అవసరానికి భూమి మిగలదు. "ఈ అప్పుకే గాక, కుటుంబంలో ఉన్న ఇతర బాకీలకూ ఈ భూమి హామీ" అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే భర్త పాత బాకీ కూడా ఆమె భూమి మీద పడినట్టే. అది తీసెయ్యమని అడగండి.

సాగు భూమిని కోర్టుకు పోకుండా నేరుగా స్వాధీనం చేసుకునే అధికారం 2002 నాటి చట్టం బ్యాంకులకు ఇవ్వలేదు. అలాగని ధీమా పడవద్దు. దావా వేసి డిక్రీ తెచ్చుకుని భూమిని వేలం వేయించే దారి వారికి ఉంది. సహకార సంఘాలకూ తమ చట్టం కింద వసూలు అధికారాలున్నాయి.

కాదంటే ఏం చేయాలి?

దరఖాస్తు నోటిమాటగా కాక రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. అప్పు ఇవ్వలేమంటే కారణాన్ని రాసివ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. "భర్త బాకీ ఉంది" అని నోటితో అన్నంత తేలికగా కాగితం మీద రాయరు. రాయవలసి వచ్చినప్పుడు దరఖాస్తును మళ్లీ ఒకసారి చూస్తారు. కారణం కాగితం మీద ఉంటే, దాన్ని సరిదిద్దుకుని తిరిగి వెళ్లవచ్చు. ముందు మేనేజరుతో, తర్వాత పై ఆఫీసుతో మాట్లాడండి. రసీదు ఇవ్వకపోవడం, కారణం చెప్పకపోవడం, దస్తావేజులు తిరిగి ఇవ్వకపోవడం వంటి వాటిపై బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అయితే అప్పు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం బ్యాంకుదే.

గుర్తుంచుకోవలసినవి

భర్త బాకీ భార్యకు అప్పు పుట్టకుండా చేసే చట్టం ఏదీ లేదు. ఆమె సంతకం, ఆమె భూమి అందులో ఉన్నాయా అన్నదే ప్రశ్న.

2 లక్షల దాకా భూమి తనఖా పెట్టనక్కర్లేదు.

రెండు కిస్తీలూ ఒకే ఇంటి నుంచి వెళ్లాలి. ఒక పంట పోయినా కట్టగలిగినంతే అడగండి.

భర్త భూమి ఇప్పటికే తనఖాలో ఉన్న ఇంటికి భార్య పేర ఉన్న ఆ రెండెకరాలే చివరి ఆధారం. దాన్ని కూడా కుదువ పెట్టే ముందు భార్యాభర్తలిద్దరూ కూర్చుని, పైన చెప్పినట్టు లెక్క వేసుకోండి. లెక్క కుదిరితే ధైర్యంగా బ్యాంకుకు వెళ్లి అడగండి. కుదరకుంటే ఒక పంట కాలం ఆగండి. ఆగినందుకు భూమి ఎక్కడికీ పోదు.